ఊడే తల, ఊడని తల

కీ ఇచ్చే గ్రామఫోనులో ఉక్కు సూదికి ఒక్క వైపే ఆయుష్షు. పాట అయిపోగానే సౌండ్‌బాక్సు మర వదులు చేసి పాతది పారేసి, డబ్బీలోంచి కొత్తది తీసి బిగించేవారు. తర్వాత ఇళ్లలోకి వచ్చిన పెట్టె ప్లేయర్లలో చాలావాటికి సూది దగ్గర చిన్న మీట ఉండేది. అటు తిప్పితే 78 సూది, ఇటు తిప్పితే ఎల్పీ సూది. సూది మార్చడమనేది ఆలోచించాల్సిన పనిగా మారింది హైఫై రోజుల్లోనే. ఇవాళ మళ్లీ రికార్డులు కొంటున్నవాళ్లు టర్న్‌టేబుల్ ఎంచుకునేటప్పుడు ధర, రంగు, బ్లూటూత్ అన్నీ అడుగుతారు. టోన్‌ఆర్మ్ కొసన ఉన్న హెడ్‌షెల్ ఊడి వస్తుందా రాదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. ముందు అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

హెడ్‌షెల్ అంటే సూది ఉండే కార్ట్రిడ్జ్‌ని రెండు మరలతో పట్టి ఉంచే చిన్న పలక. ఊడే రకమైతే దాని వెనక గొట్టంలాంటి మెడ, మెడ చివర నాలుగు పిన్నులు, పైన పొడుచుకొచ్చిన ఒక బుడిపె ఉంటాయి. బుడిపెని ఆర్మ్ కొసనున్న గాడిలోకి పోనిచ్చి, వెనకనున్న కాలర్‌ని రెండు వేళ్లతో తిప్పితే అది మెడను లోపలికి లాక్కుని బిగుసుకుంటుంది. ఈ ఏర్పాటుకి ఎస్‌ఎంఈ మౌంట్ అని పేరు స్థిరపడింది. ఎస్‌ఎంఈ ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతపు కంపెనీ. అలస్టేర్ రాబర్ట్‌సన్-ఐక్‌మన్ 1946లో యంత్రాల చిన్న నమూనాలకు భాగాలు చేసిచ్చేందుకు దాన్ని పెట్టాడు. టోన్‌ఆర్మ్ మొదట తన కోసమే చేసుకున్నాడు. 1959లో 3012 పేరుతో పన్నెండంగుళాల ఆర్మ్ అమ్మకానికి వచ్చింది. జపాన్ కంపెనీలు కూడా అవే కొలతలు పట్టుకోవడంతో అదే అందరి ప్రమాణమైంది. అరవై ఏళ్ల నాటి హెడ్‌షెల్‌ని నిన్న కొన్న టెక్నిక్స్ టర్న్‌టేబుల్‌కి తగిలించినా చాలావరకు ఇమిడిపోతుంది. ఎలక్ట్రానిక్స్‌లో ఇంత కాలం నిలిచిన అతుకు ఇంకొకటి వెతకడం కష్టమే.

అతుక్కి ఖరీదు ఉంది. టోన్‌ఆర్మ్ ఇరుసు మీద ఊగుతుంది కనుక దాని మీది బరువు ప్రభావం ఇరుసు నుంచి ఉన్న దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సూది దగ్గరున్న గ్రాము పూర్తి గ్రామే. ఇరుసుకీ సూదికీ నడిమధ్యనున్న గ్రాము పావు గ్రాము కిందే లెక్క. మెడ, కాలర్, పిన్నులు అన్నీ వచ్చి చేరేది సరిగ్గా ఆ కొసన. ఇలా లెక్కగట్టిన బరువుని ఎఫెక్టివ్ మాస్ అంటారు. సూదిని మోసే సన్న కడ్డీ ఎంత మెత్తగా కదులుతుందో చెప్పేది కంప్లయెన్స్. ఈ రెండూ కలిసి ఒక సహజ కంపనాన్ని నిర్ణయిస్తాయి. వంకరపోయిన రికార్డు సూదిని ఎత్తి దించేది ఎక్కువగా ఐదారు హెర్ట్జ్ లోపు. వినిపించే సంగీతం 20 దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఆ కంపనం 8కీ 12కీ మధ్య పడితే రెండు వైపులా క్షేమం.

లెక్క కాగితం మీద నిమిషంలో తేలుతుంది. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్, మరలు కలిపిన గ్రాముల్ని కంప్లయెన్స్‌తో గుణించి, దాని వర్గమూలంతో 159ని భాగించాలి. కంప్లయెన్స్ 25 ఉన్న 6 గ్రాముల మెత్తటి కార్ట్రిడ్జ్‌ని 12 గ్రాముల ఆర్మ్‌కి బిగించామనుకుందాం. మరలకి ఒక గ్రాము కలిపితే మొత్తం 19, జవాబు 7.3 హెర్ట్జ్, కావలసిన దాని కంటే కింద. అదే కార్ట్రిడ్జ్ 5 గ్రాముల ఆర్మ్‌లో 9.2కి వచ్చి హాయిగా కూర్చుంటుంది.

1960లు, 70లలో షూర్ వీ15 లాంటి మెత్తటి కార్ట్రిడ్జ్‌లు రాజ్యమేలినప్పుడు ఎస్‌ఎంఈని ఇబ్బంది పెట్టిందీ ఈ లెక్కే. బరువు తగ్గించడానికి హెడ్‌షెల్‌కి వరసగా బెజ్జాలు వేశారు. ఆ బెజ్జాల పలక చూడగానే ఎస్‌ఎంఈ అని గుర్తుపట్టే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. అదీ చాలక 3009లో తల ఊడని రకం తెచ్చారు. 1970ల చివర వచ్చిన సిరీస్ 3లో మరో ఉపాయం పన్నారు: తలని గొట్టానికి అతికేసి, గొట్టం మొత్తాన్ని ఇరుసు దగ్గర ఊడేలా చేశారు. అతుకు పోలేదు, బరువు లెక్కకి రాని చోటికి జరిగింది. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇదే.

రేగా దారి ఇంకా సూటిది. ఇంగ్లండు కంపెనీయే అయినా, మొదట్లో ప్లానర్ 3 టర్న్‌టేబుల్ మీద జపానులో చేయించిన, ఎస్ ఆకారపు, తల ఊడే ఆర్200 ఆర్మ్‌నే పెట్టేది. 1983లో ఆర్‌బీ300 వచ్చింది. గొట్టం, హెడ్‌షెల్ ఒకే అల్యూమినియం పోత. అతుకే లేకపోతే వదులయ్యేది ఏముంటుందన్నది వాళ్ల వాదం. రికార్డు గాడిలోని అలలు చాలాచోట్ల మైక్రాన్లలో, అంతకంటే చిన్న కొలతల్లో ఉంటాయి కనుక ఆ వాదాన్ని తోసిపుచ్చలేం. తీగలు కూడా ఎక్కడా తెగకుండా నేరుగా కార్ట్రిడ్జ్ దాకా పోతాయి. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది మిల్లీవోల్టులో మూడో వంతే అయినప్పుడు, తీగకొక అతుకు తగ్గినా మంచిదే.

ఆ ఒకే పోత ఆర్మ్ మీద కార్ట్రిడ్జ్ మార్చి చూస్తే గానీ దాని అసలు ఖరీదు తెలియదు. సన్న పట్టకారుతో నాలుగు క్లిప్పుల్ని ఒక్కొక్కటిగా లాగాలి: ఎడమ చానెల్‌కి తెలుపు, నీలం, కుడికి ఎరుపు, ఆకుపచ్చ. తీగ పట్టుకుని లాగితే అతుకు దగ్గర పుటుక్కున తెగుతుంది, క్లిప్పునే పట్టుకోవాలి. తెగితే ఆర్మ్‌లోపలి వెంట్రుకంత తీగకి టంకం వేయించాలి, ఆ పని చేసేవాళ్లు ఊరికొకరు దొరకరు. ఆ తర్వాత ప్రొట్రాక్టర్ పెట్టి సూదిని గీత మీదికి తెచ్చే పని ఎలాగూ ఉంది. ఏడాదికోసారైతే ఇబ్బంది లేదు. ఆదివారం పొద్దున రెండు రకాల రికార్డులు వినాలనుకునేవాళ్లకి కుదరదు.

తెలుగు రికార్డులు పోగేసేవాళ్లలో చాలామంది ఆ రెండో రకమే. బీరువాలో ఒక అరలో పద్యనాటకాల 78లు, పక్కన మోనో రోజుల ఈపీలు, కింద ఘంటసాల భగవద్గీతతో మొదలుపెట్టి స్టీరియో ఎల్పీలు. 78 గాడికి 65 నుంచి 75 మైక్రాన్ల సూది కావాలి; మోనోకి 25, స్టీరియోకి 18 చాలు. ఎల్పీ సూదిని 78 మీద పెడితే అది గాడి అడుగుకి దిగి అక్కడి దుమ్మంతా వినిపిస్తుంది, రాయబారం పద్యం రాగాలాపన దగ్గరికొచ్చేసరికి గొంతు కన్నా గరగరే ఎక్కువ. 78 సూదిని ఎల్పీ మీద పెడితే ఇంకా దారుణం, రికార్డే పాడవుతుంది. రేగా దీనికి చూపిన పరిష్కారం 78ల కోసమే విడిగా ఒక టర్న్‌టేబుల్. స్థలమూ డబ్బూ ఉంటే భేషైన మాట. లేనివాళ్లకి మూడు హెడ్‌షెల్‌లు, ఒక ఆర్మ్. కాకపోతే టర్న్‌టేబుల్‌కి 78 వేగం ఉందో లేదో ముందే చూసుకోవాలి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2లో అది లేదు, తర్వాతి జీ, జీఆర్ రకాల్లో ఉంది.

తల మార్చగానే అంతా అయిపోయిందనుకోకూడదు. టెక్నిక్స్‌లో సూది మొన నుంచి మెడ మొదలు దాకా 52 మిల్లీమీటర్లు ఉండేలా ప్రతి హెడ్‌షెల్‌లోనూ కార్ట్రిడ్జ్‌ని ముందే సర్దిపెట్టుకోవచ్చు. కానీ బరువులు వేరు కనుక వెనక గుండుని ప్రతిసారీ తిప్పి ఒత్తిడి సరిచేయాలి, యాంటీస్కేటింగ్ మార్చాలి, కార్ట్రిడ్జ్ ఎత్తుని బట్టి ఆర్మ్‌ని పైకో కిందికో జరపాలి. ఈ అంకెలన్నీ ఒక చీటీ మీద రాసి ప్రతి హెడ్‌షెల్ డబ్బీలోనూ పెట్టుకుంటే పని మూడు నిమిషాల్లో అవుతుంది. ఊడే తలకి ఇంకో లాభం, బరువుని మన చేతిలో ఉంచుకోవచ్చు. డెనన్ డీఎల్-103 లాంటి బిరుసు కార్ట్రిడ్జ్‌కి తేలిక ఆర్మ్ సరిపడదు. అక్కడ బరువైన హెడ్‌షెల్ తగిలిస్తే సరి.

నా మటుకు తీర్పు ఇది: ఒకే రకం రికార్డులు, ఒకే మంచి కార్ట్రిడ్జ్ ఉన్నవాళ్లు తల ఊడని ఆర్మ్ తీసుకుని దాన్ని మరచిపోవచ్చు. బీరువాలో మూడు తరాల రికార్డులున్నవాళ్లు ఊడే తలకే పోవాలి. సరిగ్గా బిగిసిన కాలర్ వల్ల పోయే ధ్వని కన్నా, సరిపడని సూది వల్ల పోయేది ఎన్నో రెట్లు ఎక్కువ. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు కాలర్ బిగించి హెడ్‌షెల్‌ని వేళ్లతో మెల్లగా మెలితిప్పి చూడాలి, ఏమాత్రం కదలకూడదు. చిన్న అద్దం ముక్కని ప్లాటర్ మీద పెట్టి సూదిని దాని మీదికి దించితే, కార్ట్రిడ్జూ దాని ప్రతిబింబమూ ఒకే నిలువు గీతలో కనిపించాలి. ఒక చానెల్ మూగగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. నల్లబడిన పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు పలుకుతుంది. కాలర్ మరలే అరిగి జారుతుంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వదిలేయండి.