పర్మనెంటు

మొన్న మా మనవడు ఉద్యోగం ఫారం నింపుతూ 'పర్మనెంట్ అడ్రస్' అన్న గడి దగ్గర ఆగాడు. వాడుండేది హైదరాబాదులో అద్దింట్లో. "నిడదవోలే రాయనా తాతయ్యా?" అన్నాడు. రాయమన్నాను. "జిల్లా?" అన్నాడు. ఈసారి నేనాగాను.

1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టింది. మా ఊరు పడమటిదిగానే పెరిగింది. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరిలో కలిసింది. కాలవ కదల్లేదు, రైల్వే జంక్షనూ కదల్లేదు. పర్మనెంటు చిరునామా మాత్రం కదిలింది!

తప్పు ఊరిది కాదు, మాటది. లాటిన్‌లో దాని మూలార్థం 'చివరిదాకా నిలవడం'. అంటే చివర ఒకటుందని ఆ మాటే ఒప్పుకుంటోంది. మనమే దాన్ని 'శాశ్వతం' చేసి కూర్చోబెట్టాం.

మనవాళ్లు ఆ మాటను నమ్మడం ఇవాళ కొత్త కాదు. కుంపిణీవారు 1793లో బెంగాల్లో పెట్టిన పర్మనెంట్ సెటిల్‌మెంటును 1802 రెగ్యులేషనుతో మన సర్కారు జిల్లాలకూ తెచ్చారు. జమీందారు కట్టే పేష్కష్ ఎప్పటికీ ఇంతేనని సనదు రాసిచ్చారు. బాకీ పడితే ఎస్టేటు వేలం! అంటే పేష్కష్ శాశ్వతం, జమీందారు కాదు. రైతు సంగతి సరేసరి. మద్రాసు ప్రభుత్వం 1948లో చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ శాశ్వతానికీ నూరేళ్లు నిండాయి.

మన పాత మాటలు ఇంత గుడ్డిగా హామీ ఇవ్వవు. శాసనాల్లో దానమిస్తే 'ఆచంద్రార్కం' అన్నారు. సూర్యచంద్రులున్నంతవరకూ అని గడువూ చెప్పారు, సాక్షులనూ చూపించారు. నడుమ సందు లేనిది నిరంతరం. ఆవలి ఒడ్డు లేనిది అపారం. వరదలో గోదారిని చూసినవాడికి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. ముసురు పడితే ఎడతెరిపి లేదంటాం. ఏది లేదో ప్రతి మాటా విప్పి చెబుతుంది. పర్మనెంటు ఒక్కటే ఎందాకానో చెప్పకుండా మాటిస్తుంది. పర్మనెంటు ఉద్యోగమంటే రిటైరయ్యేదాకా అని మనమే సర్దుకోవాలి.

ఇదంతా విని మావాడు, "మీరూ మామ్మా ఉన్నన్నాళ్లూ నాకు నిడదవోలే పర్మనెంటు" అన్నాడు.

లాటిన్ ముక్క రాకుండానే అసలు అర్థం చెప్పేశాడు! కాసేపు మాట్లాడలేకపోయాను. తరవాత ఊరి పేరు పెన్నుతో రాయమన్నాను. జిల్లా మాత్రం పెన్సిలుతో.