ఓర్పునకు ఆహారము

కుప్పంలోని ఒక ఆసుపత్రిలో, ఇంజక్షన్ల గది వాకిట, ఈ వారము నేను చూచినది మనస్సునకు మిక్కిలి ప్రీతి కలిగించినది. మూడు రాష్ట్రముల పొలిమేరలు దగ్గరపడు ఆ ఊరికి తమిళ కన్నడములు మాట్లాడు రోగులును వచ్చుచుందురు. వరుస వరండా దాటిపోయియుండ, ఒక పెద్దాయన ముందు తనకే సూది వేయవలెనని గద్దింపగా, నర్సమ్మ స్వరము పెంచక, "కూచో నాయనా, నీ చీటీ నా కాడే ఉండాది, పిలుస్తా" అని, వెనుకనున్న అవ్వను తమిళమున పలుకరించినది. ఆయన కూర్చుండెను.

ఓర్పు పుట్టుకతో రావలసినదేగాని శిక్షణ తరగతులవలన, గోడమీది సూక్తులవలన అలవడునది కాదన్న నా పాతవాదము పాఠకులెరిగినదే. పలమనేరు, పుంగనూరుల మీదుగా మరలివచ్చుచు, ఆమెనే దానికి నిదర్శనముగా చూపదలచితిని. మదనపల్లె చేరుసరికి ఆరోగ్యవరము జ్ఞప్తికి వచ్చి ఆ వాదమునకు అడ్డుపడినది.

1915లో వెలసిన ఆ క్షయ శానిటోరియమునకు తొలి అధిపతి డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోల్లర్. క్షయను నయముచేయు స్ట్రెప్టోమైసిన్ అను మందు కనుగొనబడినది 1943లో. అంతవరకు, సముద్రమట్టమునకు 2000 అడుగులకు పైబడిన ఆ మెట్టనేలపై, మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, కొందరికి ఊపిరితిత్తి చుట్టును గాలి నింపి దానిని అణచియుంచు చికిత్స, ఇంతకుమించి వైద్యుల చేతిలో చెప్పుకోదగిన ఉపాయము లేదు. తమకును అంటుకొనగల వ్యాధి, నెలల తరబడి మంచము విడువని రోగులు, నయమగునన్న హామీ లేని వైద్యము: ఇట్టిచోట పనివారి ముఖము వాడకుండుటకు సుగుణమొక్కటే చాలునా? నాకు తోచినంతలో వారిని నిలబెట్టినవి తూకపు యంత్రమును, జ్వరపు పట్టికయు. రోగి బరువు ఒక పౌను పెరిగినను, సాయంకాలపు జ్వరము అర డిగ్రీ తగ్గినను, పట్టికమీది ఆ గీత రోగికెంత ధైర్యమో నర్సునకును అంత ధైర్యము. చేసిన సేవకు ఫలము కన్నులయెదుట కనబడుచుండుటయే ఓర్పునకు ఆహారము.

కుప్పపు నర్సమ్మకు ఆ భాగ్యము లేదు. సూది వేయించుకొని పోయినవాడు లేచి పొలమునకు పోయెనో, మంచముననే యున్నాడో ఆమెకు తెలియదు. తిరిగి వచ్చువాడు నయము కానివాడే. రోజంతయు వ్యాధినే చూచుచు ఆరోగ్యమును చూడ నోచుకొననివారిని నవ్వుముఖముతో నుండుడని శాసించుట అన్యాయము. ఈ లోటును తీర్చుట ప్రభుత్వముకన్న మనకే సులభము. పాఠకులారా, జ్వరము తగ్గి లేచి తిరుగాడగలిగిన పిమ్మట, శ్రమయనుకొనక, ఒక్కపూట ఆ గది వాకిటికి పోయి, "నాకు నయమైందమ్మా" అని చెప్పి రండు.