ఎడమకాలి టోర్నీ

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, పక్కన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. "రేపటి మ్యాచ్‌లో ఏముందిరా, వాళ్ళు ఆడినవన్నీ ఓడిన్రు. మూడు గోల్స్ గ్యారంటీ."

నలభై ఏళ్ళ కింద సరిగ్గా ఇదే మాట అనుకుని మేమూ గ్రౌండ్‌లోకి దిగాం. అవతలి జట్టుకు అందరికీ ఒకే రంగు జెర్సీలు కూడా లేవు. ఒకడికైతే సాక్సులే లేవు. మొదటి పావుగంట బంతి మా కాళ్ళ దగ్గరే ఉంది. కొంప ముంచింది అదే. గోల్ ఎలాగూ పడుతుందనుకున్నవాడు పాస్ ఇవ్వడు, ఇంకొకణ్ణి తప్పించి చూపిద్దామనుకుంటాడు. డిఫెండర్లం కూడా సరదాపడి సెంటర్ లైన్ దాటేశాం. వాళ్ళేమో అందరూ వెనకే గుమిగూడి, దొరికిన బంతిని దొరికినట్టు బాదుతున్నారు. అలా బాదిన ఒకదాని వెంట ఆ సాక్సుల్లేని పిల్లగాడు పరిగెత్తాడు. వాడి వెనక ఉరకాల్సింది నేను. నడిచాను. మా గోలీ నడుం మీంచి చేతులు తీసేలోపు బంతి లోపలుంది. 0-1. ఆట అలాగే ముగిసింది.

సాయంత్రం నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో మా కోచ్ సార్ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ ఒక్కటే అడిగారు: "వాళ్ళు వీకని మీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

ఆయన రహీం సాబ్ కాలం మనిషి. అక్కడికి కూతవేటు దూరంలోని ఫతే మైదాన్, ఇప్పటి ఎల్బీ స్టేడియం, ఆ కాలం ఆటకు పెట్టింది పేరు. సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆటగాళ్ళు తమ బలహీనమైన కాలితోనే ఆడాలని రహీం టోర్నీలు పెట్టేవారట. కుడికాలి మొనగాళ్ళు అందులో తడబడాల్సిందే. ఎడమకాలిని ఏడాదంతా పట్టించుకోనివాడికి అది అక్కరకొచ్చే రోజు ఎలా తెలుస్తుంది?

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం కోచ్‌గా ఉన్న మన ఫుట్‌బాల్ జట్టును మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. ఫైనల్లో మళ్ళీ వాళ్ళే ఎదురయ్యారు. గాయమై తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దింపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. బంగారు పతకం మనది.

కుర్రాళ్ళ వైపు తిరిగాను. "వాళ్ళ ఆట ఒక్కసారన్నా చూసిన్రా?"

ఒకడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎందుకంకుల్?"