మేనమామ, బుర్ర, చిలక: చైనా, వియత్నాం జానపద బొమ్మల కథల తెలుగు పునఃకథనం – ఉద్దానం నేపథ్యం

చైనా, వియత్నాం జానపద కథలు బాలల బొమ్మల పుస్తకాలుగా తెలుగులోకి వచ్చినప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగా వస్తాయి. ఆ మజిలీలో కథ ఒక పరాయితనాన్ని మూటగట్టుకొంటుంది. లండన్ పిల్లవాడికి కొబ్బరితోట, తమలపాకు, వరిమడి, గేదె అన్నీ వింతలే కనుక ఇంగ్లీషు కథకుడు వాటిని వింతలుగానే చెబుతాడు. తెలుగు కథకుడు ఆ వింతను కూడా అనువదిస్తే, తన పాఠకునికి ఇంటి వస్తువునే పరాయి వస్తువుగా పరిచయం చేసినవాడవుతాడు. కాశీబుగ్గ, పలాస, ఉద్దానం ప్రాంతపు పిల్లలను దృష్టిలో ఉంచుకొంటే ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ వియత్నాం అనే పేరు జీడిపప్పు వ్యాపారంలో పోటీదారుగా పరిచితమే. ఆ దేశపు కథలు మాత్రం కావు.

జీన్ ఎం. లీ స్వయంగా బొమ్మలు వేసి 1985లో ప్రచురించిన ఇంగ్లీషు పుస్తకం పేరులోనే బోదురుకప్ప ఆకాశానికి ‘అంకుల్’. కరవు వచ్చినప్పుడు కప్ప తోటి జంతువులను వెంటబెట్టుకొని ఆకాశాధిపతి దగ్గరకు ఫిర్యాదుకు పోతుంది. భటులు ఓడిపోతారు. చివరకు ఆకాశాధిపతి దానిని వరసపెట్టి పిలిచి, వాన కావలసినప్పుడు కింది నుంచే పళ్లు కొరికితే చాలునని వేడుకొంటాడు. మూలంలోని సంబోధన ‘కౌ’. అది తల్లి తోబుట్టువుకు చెందిన మాట. తండ్రి తమ్మునికి వియత్నామీలో వేరే మాట ఉంది. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒకే ‘అంకుల్’లో కలిపేసింది. తెలుగు కథకుడు ఇంగ్లీషునే నమ్ముకొంటే ‘బాబాయి’ అనో, మరీ సులువుగా ‘అంకుల్’ అనో రాసే ప్రమాదం ఉంది. సరైన మాట మేనమామ. మేనమామకు మేనల్లుని మీద ఉండే చనువూ అధికారమూ తెలిసిన పాఠకునికే ఆకాశాధిపతి ఎందుకు దిగివచ్చాడో అర్థమవుతుంది. పైగా తెలుగు పిల్లలకు ఆకాశంలో ఒక మేనమామ ముందునుంచీ ఉన్నాడు. 1947 జూలైలో మొదలైన బాలల పత్రికకు పేరు కూడా ఆ చందమామదే.

అయితే ఇక్కడే వ్యతిరేకమైన పొరపాటుకూ అవకాశముంది. వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయించే కప్పతల్లి ఆచారం తెలుగు పల్లెలకు తెలుసు. ఆ పోలిక చూసి వియత్నాం కప్పను ‘కప్పతల్లి’గా మార్చితే కథ చచ్చిపోతుంది. మన ఆచారంలో కప్ప కట్టుబడి తడిసే ప్రాణి. వియత్నాం కథలో దావా వేసిన కక్షిదారు. బంధుత్వపు మాట మనది కావచ్చు, ఆ తెగువ మాత్రం వాళ్లదిగానే ఉండాలి.

‘సొ జువా’ కథ ఉద్దానానికి ఇంకా దగ్గరిది. అడవికి కట్టెలకు పోయిన పేదరాలు చెట్టు మొదట్లో పుర్రెలో నిలిచిన నీళ్లు తాగుతుంది. కాళ్లూ చేతులూ లేకుండా కొబ్బరికాయలాగా గుండ్రటి తలతో కొడుకు పుడతాడు. అతడు ధనికుని పశువులు కాస్తాడు, ఆ ధనికుని కడసారి కూతురిని పెళ్లాడతాడు. ఇంగ్లీషు అనువాదాలు నాయకుణ్ణి ‘కొబ్బరి పుర్రె’ చేశాయి. పసివాళ్ల పుస్తకానికి అది శ్మశానపు మాట. తెలుగులో ‘బుర్ర’ ఉంది: తలా అదే, లోపల డొల్లగా ఉండే కాయ చిప్పా అదే. ఆ ధనికుడు ‘జమీందారు’ కానక్కరలేదు. ఉత్తరాంధ్రలో అతడు బుగత. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరితోటలను చూసిన ఇంటి పిల్లలకు, ఎవరికీ అక్కరలేదనుకొన్న ఆ కొబ్బరిబుర్ర కుటుంబాన్ని నిలబెట్టడం కేవలం వినోదం కాదు.

బొమ్మల విషయానికి వస్తే, క్లెయిర్ హుషే బిషప్ కథకు కర్ట్ వీస్ బొమ్మలు వేసిన 1938 నాటి ‘ఐదుగురు చైనా అన్నదమ్ములు’ పుస్తకం తరవాతి కాలంలో తీవ్ర విమర్శకు గురైంది. ముఖాలన్నీ ఒకే పసుపు అచ్చు. కథలో ఆ పోలిక అవసరమే, కాని ఊరివాళ్లందరూ అలాగే ఉండటానికి కథ కారణం కాదు. దానికి భిన్నంగా ‘యె-షెన్’ (1982)కు ఎడ్ యంగ్ వేసిన బొమ్మల్లో చేప ఆకారం పుటనుంచి పుటకు ఈదుతుంది. ఇక వియత్నాం రైతు టోపీ కనబడగానే ‘వింత టోపీ’ అని రాయబోయే కథకుడు, వానలో పొలంపనివారు తలపై కప్పుకొనే తాటాకు గిడుగును ఒకసారి తలచుకోవాలి. వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడి పండితుని ఇంటిపేరు కూడా ఆ మాటే కావడం ఒక చిన్న వేడుక.

యె-షెన్ కథను తొమ్మిదో శతాబ్దంలో దువాన్ చెంగ్‌షి గ్రంథస్థం చేశాడు. చేప ఎముకలు సాయపడే ఇదే సవతికూతురి కథ వియత్నాంలో ‘తమ్–కామ్’. కనుక అట్టమీద ‘చైనా కథ’ అని ముద్ర వేయడం సగం నిజమే. తమ్‌ను రాజు గుర్తుపట్టేది ఆమె మడిచిన తాంబూలం చూసి. వియత్నామీలు ఆ మడతను ఫీనిక్స్ పక్షి రెక్క అంటారు. మనవాళ్లు చిలక అంటారు. తమలపాకంటే ఏమిటో అధోజ్ఞాపికలో వివరించడం తెలుగు పుస్తకంలో హాస్యాస్పదం. కాని రెక్కను చిలకగా మార్చాలా, రెక్కగానే ఉంచి చిలకను పాఠకునికి వదిలేయాలా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. బొమ్మ ఎదురుగా ఉంది కనుక రెండో దారే మేలు. కథ చివర సవతిచెల్లెలికి పడే దారుణ శిక్షను బాలల ప్రతులు తరచు తొలగిస్తాయి. అందులో తప్పులేదు, తొలగించామని పెద్దల కోసం ఒక వాక్యం రాస్తే.

పేర్ల దగ్గర మాత్రం తెలుగు కథకులు మరికాస్త ధైర్యం చేయవచ్చు. తమ్ అంటే నూకలు, కామ్ అంటే తవుడు. ఇంగ్లీషులో ఇవి అర్థంలేని రెండు శబ్దాలు. నూకరాజు, నూకాలమ్మ, తవిటయ్య, తవిటమ్మ అనే పేర్లు హాజరుపట్టీలో వినే శ్రీకాకుళం పిల్లలకు ఆ అక్కచెల్లెళ్లు తమ తరగతిలోనే కూర్చున్నవాళ్లు.