మోయించుకున్నవాడు, వదిలించుకున్నవాడు

సొంతంగా దేశం తిరగాలనుకునేవాళ్లకు సలహాలిచ్చిన మన పుస్తకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన యాత్ర అది. 1838లో అచ్చయింది. రెండోది రాహుల్ సాంకృత్యాయన్ హిందీలో రాసిన ‘ఘుమక్కడ్ శాస్త్ర’, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వెలువడింది. మొదటాయన పల్లకీలు, డేరాలు, దాదాపు వందమంది పరివారంతో కదిలాడు. రెండో ఆయన అయినవాళ్లందరినీ వదిలేసి కట్టుబట్టలతో పొమ్మన్నాడు. ఒకటి యాత్రాచరిత్ర, ఇంకొకటి దేశదిమ్మరుల శాస్త్రం కదా, రెంటికీ పొంతనేమిటని అడగవచ్చు. వెనక రాబోయేవాడికి ఉపయోగపడాలన్నదే రెంటి ఉద్దేశమూ. ఆ పని ఏది బాగా చేసింది, చేస్తూ చేస్తూ ఏ ఖర్చును లెక్కలోకి రానివ్వలేదు అన్నదే నేను చూడదలచుకున్నది.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. సాక్షి చెప్పినదాన్ని ఎక్కువా తక్కువా కాకుండా దొరల చెవిన వేయడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు పుస్తకమంతా కనిపిస్తుంది. మజిలీ చేరగానే ఆయన ముందు కనుక్కునేది అక్కడి స్థలపురాణం కాదు. వెనకటి మజిలీకి ఇది ఎంత దూరం, దారి ఇసుకా రాతిగొట్టా రేగడా, చెరువుందా బావులే దిక్కా, అంగళ్లలో బియ్యం పప్పు దొరుకుతాయా, దిగడానికి సత్రముందా చెట్టు నీడేనా. ఇలాంటి మజిలీలు వరసగా పది చదివితే విసుగు పుడుతుంది, కాదనను. కానీ ఈ విసుగు పడక్కుర్చీలో చదివేవాడిది. మధ్యాహ్నం మూడింటికి నీళ్లు అయిపోయి, తర్వాతి ఊరు ఎంత దూరమో తెలియనివాడికి ఈ పేజీ కావ్యం కన్నా ఎక్కువ.

శ్రీశైలం దారినే తీసుకోండి. ఆత్మకూరు దాటి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమల ఎక్కాడాయన. అడవిలో ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు, ఎక్కడ నీళ్లు, కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు యాత్రికుల దగ్గర ఎలా వసూలు చేస్తున్నారు, చెంచులు ఏం చేస్తున్నారు, అన్నీ రాశాడు. గుడికి వెళ్లే భక్తుడే అయినా, భక్తి పేరు చెప్పి వసూళ్లను కప్పిపుచ్చలేదు. గయలో, ప్రయాగలో డబ్బు ఎలా ఖర్చవుతుందో చెప్పేటప్పుడూ అంతే. పుణ్యం వేరు, పద్దు వేరు. ఈ నిక్కచ్చితనం మన యాత్రారచనల్లో తర్వాతెందుకు పలచబడిందో నాకు అంతుపట్టదు. చాలామందికి కొండ కనబడగానే ఉపమానం వస్తుంది, బస్సు వేళ మాత్రం గుర్తుకు రాదు.

మరి ఆ వందమంది సంగతేమిటి? అది డాబని తేల్చేయడం తేలిక. ఆయన నాగపూరు మీదుగా జబల్‌పూరు వైపు వెళ్లిన కాలానికి, ఆ ప్రాంతంలోనే ఆంగ్లేయ అధికారి విలియం స్లీమన్ థగ్గుల వేటలో ఉన్నాడు. బాటసారులతో స్నేహం కలిపి, నాలుగు రోజులు కలిసి నడిచి, రుమాలుతో గొంతు బిగించే ముఠాలవి. అలాంటి దారిలో గుంపు కవచం కూడా. ఈనాటి ఒంటరి యాత్రికుడు పోలీసు, ఏటీఎం, సెల్ టవరు, హెలికాప్టరు అన్న నాలుగింటినీ వెంటబెట్టుకుని తిరుగుతూ నేను ఒక్కడినే అనుకుంటాడు. వీరాస్వామయ్య కవచం కంటికి కనిపించేది, తేడా అంతే.

రాహుల్ పుస్తకం తెరిస్తే గాలే మారిపోతుంది. ‘ఓల్గా నుంచి గంగకు’ రచయితగా ఆయన తెలుగువాళ్లకు పాతకాపే. ఆజంగఢ్ జిల్లాలో 1893లో కేదారనాథ్ పాండేగా పుట్టి, చిన్నతనంలోనే ఇల్లు వదిలి, వైష్ణవ సాధువై, ఆర్యసమాజికుడై, బౌద్ధ భిక్షువై, కమ్యూనిస్టై బతికిన మనిషి. అలాంటివాడు దేశాటనకు శాస్త్రం రాస్తే అందులో మజిలీల పట్టికలు ఉండవు. బ్రహ్మసూత్రాల ఎత్తుగడను పట్టుకుని మొదటి అధ్యాయం పేరే దేశదిమ్మరితనం మీద జిజ్ఞాస అని పెట్టాడు. బుద్ధుడు, మహావీరుడు, కొలంబస్, డార్విన్ అందర్నీ తన జట్టులో కలిపేసుకున్నాడు. తర్వాతి అధ్యాయంలో సంసార బంధాలు తెంచుకోమన్నాడు. తల్లి కన్నీళ్లకు కూడా కరగవద్దన్నాడు. ఇరవై ఏళ్లవాడు చదివితే ఆ రాత్రే సంచి సర్దుకుంటాడు. నలభై దాటినవాళ్లు చదివితే మాత్రం ఆ కన్నీళ్ల దగ్గర కాసేపు ఆగక తప్పదు.

ఆ ఆవేశం సంగతి అలా ఉంచితే, పుస్తకంలో అసలైన సరుకు స్వావలంబన, శిల్పం, కళ అనే అధ్యాయాల్లో ఉంది. చేతిలో డబ్బు కాదు, చేతికి పని ఉండాలంటాడు. క్షౌరం నేర్చుకో, ఫొటోలు తీయడం నేర్చుకో, పాటో వాద్యమో నాట్యమో ఏదో ఒకటి పట్టుబడేదాకా బయల్దేరకు. తగినంత చదువు లేకుండా అసలే వద్దు. నాకు ఈ సలహా ఇప్పటికీ కొత్తగా ఉంటుంది. కొత్త ఊళ్లో గడ్డం గీయగలిగినవాడు ఆ ఊరికి భారం కాడు. వాడికి కూర్చోవడానికి అరుగు దొరుకుతుంది, వినడానికి కబుర్లు దొరుకుతాయి. తక్కువ ఖర్చుతో తిరగడం ఎలాగని మనవాళ్లు చెప్పే చిట్కాలన్నీ ఎక్కడ బేరమాడాలి, ఎక్కడ ఉచితంగా పడుకోవచ్చు అన్న చుట్టూ తిరుగుతాయి. ఊరి నుంచి ఏం రాబట్టుకోవచ్చన్నదే వాటి ధ్యాస. ఊరికి నువ్వేం ఇస్తావని అడిగినవాడు రాహుల్. ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆయన వీరాస్వామయ్యను దాటిపోయాడు. చెన్నపట్నం పెద్దమనిషి డబ్బిస్తే సరిపోయిందనుకున్నాడు.

కానీ సిద్ధాంతం రాసిన రాహుల్‌కీ, తిబ్బత్ వెళ్లిన రాహుల్‌కీ మధ్య సందు ఉంది. విమర్శకుడికి పని దొరికేది అక్కడే. 1929లో నేపాల్ మీదుగా తిబ్బత్ వెళ్లే దారి భారతీయులకు మూసి ఉంది. భిక్షగాడి వేషంలో వెళ్లాడు. దొంగలేమో అని అనుమానం తగలగానే టోపీ తీసి, నాలుక చాపి, దానం అడిగేవాడు. దోపిడీ చేసేవాళ్లకు అడుక్కునేవాడి దగ్గర ఏముంటుంది! ఇక్కడిదాకా సాహసగాథే. దాని పక్కనే ఆయన నిజాయితీగా చెప్పిన ఇంకో సంగతి ఉంది. థోంగ్‌లా కనుమకు ముందున్న చివరి ఊళ్లో, అడుక్కునే వేషంలో ఉన్నా మంచి బస దొరికింది. కారణం వెంట ఉన్న సుమతి అనే మంగోల్ భిక్షువు. అతనికి ఆ ఊళ్లో తెలిసినవాళ్లున్నారు. ఐదేళ్ల తర్వాత అదే దారిన గుర్రాల మీద పెద్దమనుషుల్లా వచ్చినప్పుడు ఎవరూ చోటివ్వలేదు. ఊళ్లో అందరికన్నా పేదవాడి గుడిసెలో తల దాచుకోవలసి వచ్చింది.

అంటే ఒంటరి యాత్రికుడిని మోసింది ఇంకొకడి పరిచయాలు. శాస్త్రం రాసేటప్పుడు స్వావలంబనకు ఒక అధ్యాయం దొరికింది గానీ, ఈ సుమతిలాంటి వాళ్లకు దొరకలేదు. యాత్రాకథనంలో ఒప్పుకున్న సత్యం సలహా పుస్తకంలోకి వచ్చేసరికి సన్నబడింది. సలహా ఇచ్చేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది: తమ గెలుపులో తమ గుణాన్ని చూస్తారు, తోడొచ్చినవాణ్ణి అదృష్టం కింద జమ వేస్తారు.

ఇంకో ఖర్చు దీనికన్నా పెద్దది. స్త్రీలూ మగవాళ్లతో సమానంగా దేశాలు తిరగాలని రాహుల్ ఒక అధ్యాయం రాశాడు. ఆ రోజుల్లో అలా రాయడానికి గుండె కావాలి. అయితే చిన్నప్పుడు కట్టబెట్టిన భార్య ఆజంగఢ్‌లోనే ఉండిపోయింది. యాభై ఏళ్లు నిండేదాకా ఆ గడ్డ తొక్కనని ఒట్టు పెట్టుకుని 1943లో గానీ ఆయన తిరిగి వెళ్లలేదు. తర్వాత రష్యాలో కట్టుకున్న భార్యా, కొడుకూ లెనిన్‌గ్రాడ్‌లోనే ఉండిపోయారు. బాల్యవివాహం ఆయన కోరుకున్నది కాదు, అందుకు ఆయన్ని నిందించలేం. కానీ బంధాలు తెంచుకోమనే అధ్యాయంలో తెగిన రెండో కొస ఏమైందో ఉండదు. వీరాస్వామయ్య కుటుంబాన్ని వెంట తీసుకుపోయాడు, ఆ బరువు దారి పొడుగునా మోశాడు. సరిగ్గా చెప్పాలంటే మోయించాడు.

అదే ఆయన పుస్తకంలోని చీకటి కోణం. పల్లకీ ఎక్కినవాడికి దారి రాతిగొట్టుగా ఉందని బోయీల అడుగుల వల్లే తెలుస్తుంది. ఆ రాళ్లు గుచ్చుకున్నవి వాళ్ల కాళ్లకు. బోయీల గురించి ఆయన రాసేదంతా యజమాని వైపు నుంచి రాసిందే. తన కూలివాళ్లను హింసించిన మనిషి అనే దాఖలా పుస్తకంలో నాకేమీ కనిపించలేదు. అయినా అన్ని ఆమడలు లెక్కపెట్టిన ఆ కలం, ఒక బోయీ కాశీ చూసి ఏమనుకున్నాడో ఎక్కడా అడగలేదు.

ఈ రెంటిలో సాహసయాత్రలకు వెళ్లే ఈనాటివాళ్ల చేతికి ఏది ఇవ్వాలి? రాహుల్ పుస్తకంలో మృత్యుదర్శనం అనే అధ్యాయం ఒకటుంది. చావుకు భయపడేవాడు దేశదిమ్మరి కాలేడన్నది దాని సారం. నెలల తరబడి కాలినడకన, మెల్లగా ఎత్తుకు ఎక్కిన మనిషి మాట అది. ఆ నడకే ఆయన శరీరాన్ని పలచని గాలికి అలవాటు చేసింది, కాబట్టి ఆ సంగతి చెప్పాలని ఆయనకు తోచి ఉండదు. పొద్దున హైదరాబాదులో విమానమెక్కి మధ్యాహ్నానికి 11,500 అడుగుల లేహ్‌లో దిగేవాడికి ఆ ధైర్యమే ప్రాణాంతకం. మొదటి రెండు రోజులూ ఎటూ ఎక్కకుండా పడుకో, తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే పైకి పోకు, తగ్గకపోతే కిందికి దిగు. ఇలా మాట్లాడేది వీరాస్వామయ్య గొంతు. విసుగు పుట్టించే గొంతు. దానికే నా ఓటు.

బోయీల ప్రశ్న కూడా పాతబడలేదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు మీద ఖుంబూ మంచు ప్రవాహం దగ్గర హిమపాతం కింద 16 మంది నేపాలీలు చనిపోయారు, ఇతరుల కోసం దారి సిద్ధం చేస్తూ, బరువులు మోస్తూ. ఆ ఏడాది నేపాల్ వైపు నుంచి ఎక్కడం దాదాపు ఆగిపోయింది. మే 25న మన మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే శిఖరం చేరింది తిబ్బత్ వైపు నుంచి. ఆ ఘనతను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. శిఖరం మీది ఫొటో ఇంటింటికీ చేరింది, ఆ పదహారు మంది పేర్లు చేరలేదు. నేపాల్ 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడును పెట్టుకోవాలని నిబంధన తెచ్చినప్పుడు, ఒంటరి యాత్ర స్వేచ్ఛ పోయిందని చాలామంది బాధపడ్డారు. నాకూ ఆ నిబంధన పూర్తిగా నచ్చలేదు. అయితే ఆ స్వేచ్ఛ ఎవరి భుజాల మీద నడుస్తోందో అడగనివాళ్ల బాధ మాత్రం అరకొరదే.

ఈ రెండు పుస్తకాల సలహాలను పరీక్షించి చూడాలంటే హిమాలయాలదాకా పోనక్కర్లేదు. వీరాస్వామయ్య వెళ్లిన నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దారి ఇప్పటికీ ఉంది. శివరాత్రికి, ఉగాదికి వేలమంది, అందులో కన్నడ భక్తులు మరీ ఎక్కువ, వెంకటాపురం నుంచి ఆ అడవిలోనే నడిచి శ్రీశైలం చేరతారు. అప్పుడు దారి పొడుగునా నీళ్లూ అన్నం పెట్టేవాళ్లుంటారు. మిగతా రోజుల్లో అది పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, నీళ్లు మోసుకుపోవాలి, చీకటి పడకముందే కొండ ఎక్కేయాలి. మూసిన దారిలో వేషం మార్చి వెళ్లిన పెద్దాయన కథ మాత్రం ఇక్కడ తలుచుకోకండి. ఆయన వెనక్కి తెచ్చింది కంచరగాడిదలకెత్తిన గ్రంథాలు, మనం తెచ్చేది సెల్ఫీ.