ఆకును ఎండకు పట్టి చూద్దాం

బత్తాయి తోటకు వెళితే నా చూపు కాయల కంటే ముందు ఇగుర్ల మీదికి పోతుంది. లేత ఆకును ఎండకు పట్టి, భూతద్దంలో నిదానంగా చూడటం నాకు ఇష్టమైన పని. మార్కాపురం, గిద్దలూరు వైపు బత్తాయో నిమ్మో పెట్టినవాళ్లకు ఆ ఆకుల మీది వంకర గీతలు కొత్త కాదు. పాముపొడ అంటారు. పలక మీద పసివాడు బలపంతో గీసినట్టు తెల్లగా, మెలికలుగా ఉంటాయి.

రెక్కలు చాపినా 4 మిల్లీమీటర్లుండే చిమ్మట పిల్ల పని అది. తల్లి చీకట్లో తిరిగి, లేత ఆకుల మీద ఒక్కో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు పైపొర కిందికి దూరి, రసం పీలుస్తూ సాగుతుంది. సన్నగా మొదలైన గీత పోనుపోను వెడల్పయిందంటే లోపలి పురుగు ఎదుగుతోందన్నమాట. నడుమ కనిపించే నల్లచార దాని రెట్ట. ఆఖరికి ఆకు అంచును దారంతో మడిచి, ఆ మడతలోనే ప్యూపా అవుతుంది.

కలకత్తా నమూనాలను చూసి 1856లో స్టెయిన్‌టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీనికి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని పేరు పెట్టాడు. 1993లో ఇది అమెరికాలోని ఫ్లోరిడా తోటల్లోనూ బయటపడింది. దీని దగ్గరి చుట్టాలు కొన్ని ఐరోపాలో పాప్లర్, విల్లో ఆకులను తొలుచుకుని బతుకుతాయి.

గీత కనపడగానే తైవాన్ పంపు భుజానికెత్తుకోవడం మన తోటల్లో అలవాటైపోయింది. మడత విప్పితే చాలాసార్లు లోపల ఏమీ ఉండదు. పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయాక కొట్టిన మందు ఆ ఆకును బాగుచేయదు. పైగా ఈ పురుగును తిని బతికే సన్నటి కందిరీగలను చంపుతుంది. ఎదిగిన చెట్టు ఈ మాత్రం దెబ్బను తట్టుకుంటుంది. కాపాడుకోవాల్సింది నర్సరీ అంట్లనూ, చిన్న మొక్కలనూ. నిమ్మకైతే ఇంకా జాగ్రత్త కావాలి. పురుగు చేసిన గాయాల గుండా గజ్జి తెగులు లోపలికి పోతుంది.

యూరియా ఎక్కువైతే ఇగురు మీద ఇగురు వస్తుంది, పురుగుకు మేత తెగదు. అందుకే ఎరువును అదుపులో పెట్టాలి. లేత ఆకుల్లో బతికున్న పురుగు కనిపిస్తే 5 శాతం వేపగింజల కషాయం కొట్టుకోవచ్చు. బోర్లకే అప్పులపాలయ్యే ఈ మెట్టప్రాంతంలో అక్కర్లేని ఒక్క పిచికారీ తప్పినా రైతుకు మిగులే. తోటకు నాలుగు వైపులా తిరిగి, ఇగుర్లు తుంచి, మడతలు విప్పి చూడండి. లోపల పురుగుందని తేలాకే మందు మాట.