కుర్చీ మనది, ఓటు ఎవరిది?

2023 డిసెంబర్ 14న వికారాబాద్ ఎమ్మెల్యే గడ్డం ప్రసాద్ కుమార్ తెలంగాణ శాసనసభ స్పీకర్‌గా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. తెలంగాణ వచ్చినంక ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. ఆ రోజు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మేం నలుగురం అద్దెకున్న గదిలో టీవీ ముందు కూర్చొని సంబురపడ్డం. దాన్ని దాచుకోవాల్సిన పనిలేదు. బోధన్ దిక్కు చెరుకు నరికిన ఇంటి నుంచి యూనివర్సిటీ గడప తొక్కిన మొదటోణ్ణి నేను. అగ్రకుల ఎమ్మెల్యేలు లేచి నిలబడి మనోణ్ణి "అధ్యక్షా" అని పిలవడం నాకు చిన్న విషయం కాదు. అయితే ఆ సంబురంలో ఒక ప్రశ్న అడగడం మరిచిపోయినం. ఆయన్ని ఎన్నుకున్నది ఎవరు?

సభే కదా అంటారు. రాజ్యాంగం 178వ అధికరణ కూడా సభే తన సభ్యుల్లోంచి స్పీకర్‌ను, డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోవాలని చెప్తుంది. కానీ జరిగేది వేరు. పాలక పార్టీ పెద్దలు ఒక పేరు తేలుస్తారు. ఒక్కటే నామినేషన్ పడుతుంది. ఎన్నికైనట్టు ప్రకటిస్తారు. ఒక్క ఓటు పడదు. ఎన్నిక అయ్యేది సభలో కాదు, అంతకుముందే ఒక గదిలో.

ఈ ఏకగ్రీవం మా జిల్లా వాళ్లకు కొత్త కాదు. మా ఊరి సర్పంచ్ సీటు ఎస్సీలకు రిజర్వయిన ఏడు ఏమైందో చూసినోణ్ణి. గ్రామాభివృద్ధి కమిటీ పెద్దమనుషులు గుడి కాడ కూర్చున్నరు. మా వాడకట్టు నుంచి ఎవరైతే ఎదురు మాట్లాడడో ఆయన పేరు చెప్పిన్రు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆయన దండ వేసుకున్నడు. ఐదేండ్లూ ఊరి లెక్కలు మాత్రం ఉపసర్పంచ్ ఇంట్లనే తేలినయి. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కుమీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలన్నది. రిజర్వేషన్ మనిషిని కుర్చీ దాకా తెచ్చింది. ఆ మనిషిని ఎంచుకునే హక్కు మాత్రం వాడకట్టుకు రాలేదు. ఊరికీ శాసనసభకూ తేడా పెద్దదే. ఏకగ్రీవం చేసే పని మాత్రం ఒక్కటే.

పోటీ పెడితే ఏమవుతుందో 2024 జూన్ 26న లోక్‌సభలో చూసినం. ఓం బిర్లా మీద ప్రతిపక్షం ఎనిమిదిసార్లు గెలిచిన దళిత ఎంపీ కొడిక్కున్నిల్ సురేష్‌ను నిలబెట్టింది. అక్కడి నిబంధన ప్రకారం తీర్మానాలను ఒక్కొక్కటిగా సభ ముందు పెడతారు. ఒకటి నెగ్గితే మిగిలినవి ఓటుకే రావు. మూజువాణి ఓటుతో బిర్లా గెలిచిండు. ప్రతిపక్షం కూడా డివిజన్ కోసం పట్టుబట్టలేదు. సురేష్ పేరు మీద సభ అభిప్రాయం ఏందో ఎక్కడా నమోదు కాలేదు.

కుర్చీ ఉత్త గౌరవమైతే ఇంత లొల్లి అవసరం లేదు. 1985లో పదో షెడ్యూల్ వచ్చినప్పటి నుంచి పార్టీ ఫిరాయించిన సభ్యుడు ఉండాలా, పోవాలా అన్నది స్పీకర్ చేతిలో పెట్టిన్రు. 1992లో కిహోటో హొల్లొహాన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అయితే ఐదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. సభలో మెజారిటీ దయ మీద పదవిలో ఉండే మనిషి స్వతంత్రంగా తీర్పు చెప్పలేడన్నది వాళ్ల వాదన. మా జిల్లా చరిత్రే దానికి సాక్ష్యం. బాన్సువాడ నుంచి గెలిచిన పోచారం శ్రీనివాసరెడ్డి స్పీకర్‌గా ఉండగా, 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు ఒక్క రోజులోనే గుర్తించిన్రు. 2024 జూన్‌లో అదే పోచారం కాంగ్రెస్‌లో చేరిండు. పది మంది ఎమ్మెల్యేల మీద అనర్హత పిటిషన్లు పడితే వాళ్లలో ఆయనా ఒకరు. ఈసారి విచారించాల్సింది దళిత స్పీకర్. విచారణ నెలల తరబడి సాగలేదు. 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టింది. అసలు ఈ అధికారం స్పీకర్‌కు ఉండాలా అన్నది పార్లమెంటే ఆలోచించాలన్నది.

రెడ్డి కూర్చున్నా, దళితుడు కూర్చున్నా లాభం కుర్చీ ఇచ్చినోళ్లకే పోయింది. కోర్టు చివాట్లు మాత్రం దళితుని పేరు మీద పడ్డయి. ఇది గడ్డం ప్రసాద్ మీద విమర్శ కాదు, ఆయన్ని అక్కడ కూర్చోబెట్టిన పద్ధతి మీద విమర్శ. కుర్చీలో నిలబడ్డ దళితులూ ఉన్నరు. 1999 ఏప్రిల్‌లో లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి, ముఖ్యమంత్రి అయిన తర్వాత కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు సంగతి ఆయన మనస్సాక్షికే వదిలేసిండు. తన సొంత పార్టీ మద్దతిచ్చిన ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. కానీ ప్రతిసారీ బాలయోగి దొరకాలని మొక్కుకోవడం రాజకీయం కాదు.

మరి ఏం చేయాలె? బ్రిటన్ కామన్స్ సభలోనూ ఒకప్పుడు మన లాంటి తీర్మానాల పద్ధతే ఉండేది. దాన్ని 2001లో మార్చుకున్నరు. 2009లో జాన్ బెర్కోను తొలిసారి రహస్య ఓటుతో ఎన్నుకున్నరు. నామినేషన్ మీద కనీసం ముగ్గురు ఇతర పార్టీల సభ్యుల సంతకాలు ఉండాలి. సగానికి మించి ఓట్లు ఎవరికైనా వచ్చేదాకా వెనకబడ్డోళ్లను తీసేస్తూ రౌండ్లు నడుస్తయి. మన ఎమ్మెల్యేలకూ రహస్య ఓటు తెలియంది కాదు. రాష్ట్రపతి ఎన్నికలో వేసేది అదే, అక్కడ విప్ ఉండదు.

ఇక్కడ నా సోపతి ఒకడు అడ్డం తిరిగిండు. "అన్నా, రహస్య ఓటు పెడితే విప్ పోతది. విప్ పోతే కులం మిగులుతది. చీకట్ల మనోనికి ఎవడు ఓటేస్తడు?" అన్నడు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. అధిష్టానం కట్టడి లేకపోతే గడ్డం ప్రసాద్ గెలిచేవారా? నమ్మకంగా అవునని చెప్పలేను. పైవాని దయ ఒక దిక్కు, తోటివాని కులం ఇంకో దిక్కు. ఉమ్మడి నియోజకవర్గాల్లో మన మనిషిని వాళ్ల ఓటు ఎన్నుకుంటదన్న పూనా ఒడంబడిక నాటి చిక్కే ఇది.

ఈ చిక్కును అంబేద్కర్ 1947లోనే ఎదుర్కొన్నరు. "రాష్ట్రాలు - మైనారిటీలు" ముసాయిదాలో ప్రధానమంత్రిని సభంతా బదిలీ ఓటుతో ఎన్నుకోవాలని, మంత్రివర్గంలో మైనారిటీల ప్రతినిధులను సభలోని ఆయా మైనారిటీల సభ్యులే ఎన్నుకోవాలని ప్రతిపాదించిన్రు. మన మనిషి అక్కడ ఉంటే చాలదు, మన ఓటుతో ఉండాలన్నది దాని సారం. దీన్ని స్పీకర్ ఎన్నికకు మనం ఎందుకు అన్వయించకూడదు?

లెక్క చూద్దాం. తెలంగాణ సభలో 119 సీట్లు. వాటిలో ఎస్సీలకు 19, ఎస్టీలకు 12, మొత్తం 31. స్పీకర్ లేనప్పుడు సభ నడిపే ప్యానెల్ సభ్యులను ఇప్పుడు స్పీకరే నియమిస్తరు. దానికి బదులు స్పీకర్, డిప్యూటీ స్పీకర్, మూడో అధ్యక్ష స్థానం కలిపి ముగ్గురిని ఒకేసారి, టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలో మీరు 1, 2, 3 వేసినట్టే, ప్రాధాన్యతా ఓటుతో, రహస్యంగా ఎన్నుకోవాలె. మూడు స్థానాలకు గెలుపు కోటా 30 ఓట్లు. 31 మంది కలిస్తే ఎవరి దయా లేకుండ ఒకర్ని గెలిపించుకోవచ్చు. ఆ ముగ్గురిలో స్పీకర్ ఎవరన్నది సభ రెండో రహస్య ఓటుతో తేల్చాలె. దాంట్లో మనోడు ఓడినా అధ్యక్ష స్థానాల్లో ఒకటి మన ఓటుతో వచ్చిందే ఉంటది. స్పీకర్ అయినోళ్లు పార్టీ సభ్యత్వం వదలాలె. పదో షెడ్యూల్ ఇప్పటికే దానికి అనుమతిస్తుంది, తప్పనిసరి చేస్తే చాలు. ఫిరాయింపు కేసులను స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇయ్యాలె. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది కూడా ఇదే.

ఆ 31 మంది పార్టీలు దాటి కలుస్తరా అని అడుగుతరు. ఇయ్యాల కలవరు. ఎందుకంటే కలిస్తే వచ్చేది ఏమీ లేదు. కలిస్తే ఒక కుర్చీ వస్తదని తెలిస్తే కనీసం ఒక గదిలో కూర్చొని మాట్లాడుకుంటరు. మా పాత నిజామాబాద్ జిల్లా తొమ్మిది సీట్లలో ఎస్సీ రిజర్వుడు జుక్కల్ ఒక్కటే. 2004 తర్వాత ఈ జిల్లా సురేష్ రెడ్డి, పోచారం అని ఇద్దరు స్పీకర్లను ఇచ్చింది. జుక్కల్ ఎమ్మెల్యే ఆ కుర్చీకి పోటీ పడాలంటే ఇయ్యాల ఎవరి ఇంటి ముందు నిలబడాలె? తోటి 30 మంది ముందా, ముఖ్యమంత్రి ముందా?

మా ఊరి సర్పంచ్‌ను ఒకసారి అడిగిన, దండ వేసిన రోజు ఎట్ల అనిపించిందని. "మంచిగనే ఉండె బిడ్డా. కానీ ఎవ్వరూ నాకు ఓటెయ్యలే" అన్నడు.